జూబ్లీహిల్స్ వాన నీరు: రూల్స్ ఉన్నా ఇంకదెందుకు?

ఫిలింనగర్ కొండ మీద వాన పడితే దక్షిణం వైపు నీరు షేక్‌పేట మీదుగా టోలిచౌకి పల్లానికి దిగుతుంది. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. ఆ నీరంతా కొండదే అనలేం. కానీ పైన ఇంకని ప్రతి బిందె కిందికే వస్తుంది.

చట్టం లేక కాదు. 2002 నాటి వాల్టా చట్టం, 2012 ఏప్రిల్ నాటి జీవో 168 వాన నీటిని పట్టే ఏర్పాట్లు అడుగుతున్నాయి. చిక్కల్లా ఆ రూల్ ప్లాటు సైజును బట్టి నడవడమే. జూబ్లీహిల్స్‌లో చాలా చోట్ల అడుగున గ్రానైట్ బండ. బండ మీద తవ్విన ఇంకుడు గుంత గంట వానకే నిండి రోడ్డు మీదికి పొంగుతుంది, కాగితం మీద మాత్రం రూల్ పాటించినట్టే! అక్కడ నిజానికి కావాల్సింది నీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే ట్యాంకు, సిమెంటు వేయని నేల.

టీఎస్-బీపాస్ చట్టం (2020) వచ్చాక 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి సొంత ధ్రువీకరణ మీదే పర్మిషన్ దొరుకుతోంది. ఆ తర్వాత సెట్‌బ్యాక్‌లో పార్కింగ్ టైల్స్ పరిచేస్తే అడిగేవారు అరుదు. బస్తీల్లో 75 గజాల చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, అంత ఇరుకులో గుంత తవ్వమనడం న్యాయమూ కాదు. అక్కడ నీటిని పట్టాల్సింది వీధి.

వీధి ఎవరిది? రోడ్డు, వరద కాలువ జీహెచ్‌ఎంసీవి. మురుగు లైను వాటర్ బోర్డుది. నాలా ఆక్రమణలు 2024 జులైలో వచ్చిన హైడ్రా చూస్తుంది. రోడ్డు పక్క మట్టి వదిలి గడ్డి కాలువ వేయాలంటే ఫైలు ఈ గడపలన్నీ ఎక్కాలి. అందుకే కాంక్రీట్ బాక్స్ డ్రైన్ తేలిక. అది నీటిని ఇంకించదు, పల్లానికి ఇంకా త్వరగా చేరుస్తుంది.

నాలా పక్క వదలాల్సిన జాగా కూడా తక్కువే. జీవో 168 ప్రకారం 10 మీటర్లకు మించిన నాలాకు 9 మీటర్లు, అంతకంటే సన్నవాటికి 2 మీటర్లే. కొండ మీంచి దిగేవి ఎక్కువగా సన్న కాలువలే. 2 మీటర్లలో చెట్ల వరస పట్టడమే కష్టం.

కొండకు అటువైపు దుర్గం చెరువు. 2024 ఆగస్టులో ఆ చుట్టుపక్కల రెండు వందలకు పైగా కట్టడాలకు వాల్టా కింద నోటీసులు వెళ్లాయి. చెరువు నిండితే నీరు నిలిచే హద్దు, అంటే ఎఫ్‌టీఎల్, ఎక్కడిదాకా అన్న తగాదా హైకోర్టుకెక్కింది. షేక్‌పేట, టోలిచౌకిలో ఇల్లు కొనేవారు శాంక్షన్ ప్లాన్‌లో నాలా హద్దు చూసుకోవాలి. తేడా వస్తే నోటీసు అందేది అప్పటికి ఆ ఇంట్లో ఉన్నవారికే.