చెరువుకు రాసిచ్చిన మడిచెక్క

సంతానం అనగానే మనకి పిల్లల లెక్కే గుర్తొస్తుంది. "మీకెంతమందండీ?" అని ఎవరైనా అడిగితే "ఇద్దరు" అనో "ముగ్గురు" అనో చెప్పేసి వూరుకుంటాం. వెనకటివాళ్ల లెక్క వేరు. వాళ్లకి సంతానం ఏడు రకాలు. కొడుకు, చెరువు, గుడి, వనం, నిధి, కావ్యం, అగ్రహారం. వీటికి సప్తసంతానాలని పేరు. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఇవేనని వాళ్ల నమ్మకం. (కూతురు ఈ జాబితాలో ఎక్కడా లేదు. ఆ దెబ్బలాట మరోవారం పెట్టుకుందాం.)

ఈ ఏడింటిలో నోరున్నవాడు కొడుకు ఒక్కడే. ఆకలేస్తే వూరంతా వినపడేలా ఏడుస్తాడు. చెరువుకీ, వనానికీ, గుడికీ నోరు లేదు గాని ఆకలి లేకపోలేదు. చెరువు కట్టకు ఏటా మట్టి కావాలి. వనానికి నీళ్లు కావాలి. గుడికి సున్నం కావాలి. కనడం ఒక ఎత్తు, పెంచడం ఒక ఎత్తు అన్న సంగతి ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు కదా! చెరువును కనడం గురించి చరిత్ర పుస్తకాల్లో బోలెడు వుంది. పెంచడం గురించే బహు తక్కువ. ఈ వారం నేను చెప్పబోయేది ఆ రెండో కథ. అయినా ముందు పుట్టుక తెలిస్తేనే కదా పెంపకం సంగతి తెలిసేది!

కడప సీమలో పోరుమామిళ్ల అనే వూరుంది. అక్కడి చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి రాతిమీద దొరికింది. ఆ చెరువు తవ్వించినవాడు విజయనగరపు బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడని కూడా అంటారు. ఉదయగిరి నుంచి ఆ ప్రాంతాన్ని ఏలేవాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. డబ్బుకీ ధాన్యానికీ ఇక లెక్కే లేదని శాసనం చెప్తోంది.

అంతటితో ఆగకుండా మంచి చెరువంటే ఎలా వుండాలో పన్నెండు అంగాలు లెక్కపెట్టి మరీ రాయించారు. ధర్మబుద్ధీ, కీర్తి కాంక్షా వున్న రాజు వుండాలి. జలశాస్త్రం తెలిసిన పండితుడుండాలి. అడుగున గట్టి బంకనేల వుండాలి. తియ్యని నీళ్ల నది వుండాలి. ఆనుకుని కొండలుండాలి, వాటి నడుమ గట్టి రాతికట్ట వుండాలి. లోతూ వెడల్పూ వుండాలి. దగ్గర్లో పొడుగాటి రాళ్లు దొరికే గని వుండాలి. పని తెలిసిన మనుషులుండాలి. పెళ్లివారు కట్నకానుకల పట్టిక రాసుకున్నట్టుగా, ఇలా పన్నెండూ పూర్తిచేశారు.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు వూరడం, నేల చవుడు కావడం, చెరువు రెండు రాజ్యాల పొలిమేరలో వుండడం, నడిమధ్య మిట్ట వుండడం, నీళ్లు కాసినీ తడపాల్సిన నేల ఎక్కువా కావడం, నేల కాస్తా నీళ్లు ఎక్కువా కావడం. మూడో దోషం చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇద్దరు తోడికోడళ్లకి ఒకటే పెరడూ ఒకటే నూతి గిలకా వుంటే ఏమవుతుందో, ఆరున్నర శతాబ్దాల కిందట రాయి చెక్కినవాళ్లకి కూడా తెలుసన్నమాట. ఇప్పుడు రాష్ట్రాల మధ్య నదీజలాల తగాదాలు చూస్తూ వుంటే, ఆ రాయిని ఒకసారి అందరికీ చదివి వినిపించాలనిపిస్తుంది.

సరే, పన్నెండు అంగాలూ మళ్లీ ఒకసారి చూడండి. రాజున్నాడు, పండితుడున్నాడు, పనివాళ్లున్నారు. రెండేళ్లు పోయాక, వెయ్యిమంది కూలీలూ ఇళ్లకు వెళ్లిపోయాక, అర్ధరాత్రి వాన కురుస్తుంటే కట్టమీద కందిలి పట్టుకు నిలబడే మనిషి ఈ పట్టికలో ఏడి? ఎలకబొరియ చిన్నదిగా వున్నప్పుడే చూసి మట్టి కొట్టేవాడు ఏడి? ఎంత వెదికినా కనపడడు.

అతన్ని పెద్దవాళ్లు మరిచిపోలేదు. అతని సంగతి ఇంకోచోట, భూమి లెక్కల్లో రాసిపెట్టారు. ఆ ఏర్పాటు పేరే దశబంధం.

మా అమ్మమ్మలు ఈ మాటని "దశబందం మాన్యం" అనేవాళ్లు. దశ అంటే పది కదా, చెరువు వల్ల వచ్చే ఆదాయంలో పదోవంతన్న లెక్కమీద ఆ పేరు వచ్చింది. తర్వాత్తర్వాత వాటా అన్నిచోట్లా కచ్చితంగా పదోవంతే వుండేది కాదు, పేరు మాత్రం నిలిచిపోయింది. చెరువు కట్టించినవాడికో, దాన్ని బాగుచేసే బాధ్యత నెత్తిన వేసుకున్నవాడికో కొంత భూమి పన్ను లేకుండా గాని, తక్కువ పన్నుతో గాని ఇచ్చేవాళ్లు. కట్ట మరమ్మతు చేయించడం, కట్టమీద మొలిచిన ముళ్లకంప నరికించడం, తూము చూసుకోవడం, పూడిక తీయించడం అతని పని. పని చేసినన్నాళ్లే మాన్యం. చెయ్యడం మానేస్తే మాన్యం పోతుంది. రాయలసీమలో, నెల్లూరు వైపు ఇవి విరివిగా వుండేవి.

ఇందులో ఒక గడుసుతనం వుంది, గమనించారా? ఆ మాన్యపు మడి చాలావరకు అదే చెరువు కింద వుండేది. చెరువు నిండితే అతని మడీ పండుతుంది. కట్ట తెగితే అందరికంటే ముందు అతని గాదె ఖాళీ. ఇంక అతని మీద వేరే తనిఖీదారు ఎందుకు? వంటమనిషిని కూడా మనతోపాటు అదే కూర తినమంటే ఉప్పు ఎక్కువయ్యే భయం లేనట్టే ఇదీను!

పక్కనున్న కన్నడ సీమలోనైతే చెరువు కట్టకు మట్టి తోలే బండి కోసం ప్రత్యేకంగా దానాలు ఇచ్చిన శాసనాలున్నాయి. బండికి ఒక దానం! రాజుగారి కీర్తికి ఆ బండి ఏం పనికొస్తుందో గాని, చెరువుకు మాత్రం కిరీటం కంటే అదే ముఖ్యం.

మాన్యందారు ఒకడైతే, రోజూ తూము దగ్గర వుండి ఎవరి మడికి ఎంత నీళ్లు వదలాలో చూసేవాడు మరొకడు. రాయలసీమలో అతన్ని నీరుగంటి అన్నారు, తెలంగాణలో నీరటి అన్నారు. కోతలయ్యాక ప్రతి రైతూ అతనికి కొంత ధాన్యం కొలిచేవాడు. చాలాచోట్ల ఈ పని చేసింది దళితులే. వూరి నీళ్లన్నీ అతని చేతిలో వుండేవి, వూరి బావిలో చేద వేసే హక్కు మాత్రం అతనికి లేదు. పాత ఏర్పాటును మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచిపెడితే అది చరిత్ర అనిపించుకోదు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనడం లేదు. ఆ రోజుల లెక్కలో ఒక పద్దు బాగుంది, దాన్ని మాత్రం తీసి చూపిస్తున్నాను.

ఇంతకీ చెరువులు కట్టించినవాళ్లంతా మగవాళ్లేనా? కానే కాదు. ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ఒక చెరువు తవ్వించింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో వుంది. దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ చెరువు శాసనంలో కాకతీయుల వంశక్రమం చెక్కించి వుండడంతో చరిత్రకారులకి అదొక నిధి అయింది. అన్నగారి వంశం గురించి మనకి తెలిసిన సంగతుల్లో కొన్ని ఈ చెల్లెలి చెరువుగట్టు మీద దొరికినవే! పుట్టింటి మాట రాకుండా ఆడది ఏ పనీ చెయ్యదంటారే, ఈసారికి ఒప్పేసుకుందాం.

కట్టించినవాళ్లు ఎవరైనా, ఏటేటా చెరువుగట్టుకు వెళ్లి దాని బాగోగులు కళ్లారా చూసేది ఆడవాళ్లే. తెలంగాణలో బతుకమ్మ నాడు తంగేడూ, గునుగూ పేర్చుకుని చెరువుకు వెళ్తారు. చెరువులో నీళ్లు లేని ఏడు ఆ పండగ ఎలా వెలవెలబోతుందో అక్కడి అక్కచెల్లెళ్లని అడగండి. కట్టమీద కట్టమైసమ్మ వుండనే వుంటుంది.

ఇక హైదరాబాదు సంగతి. మాసాబ్‌ట్యాంక్ అంటే బస్సు స్టాపనే మనకి తెలుసు. అది నిజానికి మా సాహెబా తాలాబు. కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచుని "మా సాహెబా" అని గౌరవంగా పిలిచేవాళ్లు, ఆమె పేరుమీద ఆ చెరువు. చెరువు పోయింది. ఆ చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు వుంది, పిల్లలు ఆడుకుంటున్నారు. సప్తసంతానాల్లో ఒకటి పోయి ఇంకోటి, చెరువు పోయి వనం, మిగిలిందన్నమాట. అదైనా నయమే. మిగతా చెరువుల్లో ఎన్నిటికి ఆ పాటి అదృష్టం పట్టింది?

పెంపకం ఎక్కడ చెడింది? 1800లో నిజాం రాయలసీమ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. కంపెనీవాళ్లకి శిస్తు కావాలి. పన్ను లేని భూమి కనపడితే వాళ్లకి కంట్లో నలుసు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఎవరి మాన్యం ఏది, కాగితం ఏది, ఎవరిచ్చారు అని వూరూరా విచారణ. సరిగ్గా అదే 1858లో ఇంకో చట్టం కూడా వచ్చింది. చెరువులకీ కాలవలకీ గండిపడే ప్రమాదం వస్తే వూరివాళ్లని బలవంతంగానైనా పనికి పిలవవచ్చని దాని సారాంశం. ఈ రెండూ ఒకే ఏడాదివి కావడం చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. ఒక గదిలో గుమాస్తా "నీ మాన్యానికి కాగితం చూపించు" అంటున్నాడు. పక్కగదిలో గుమాస్తా "కట్ట తెగుతోంది, పార పట్టుకుని రా" అంటున్నాడు.

దశబంధాలన్నీ ఒక్కరోజులో పోలేదు. పని చెయ్యాలన్న షరతుతో చాలా మాన్యాలు అలాగే నిలిచాయి. అయితే తరాలు గడిచేకొద్దీ అన్నదమ్ములు పంచుకున్నారు, తాకట్లు పెట్టారు, అమ్ముకున్నారు. భూమి చేతులు మారింది, చెరువు పని మాత్రం ఎవరి చేతికీ రాలేదు. స్వతంత్రం వచ్చాక 1950లలో ఇనాముల రద్దు చట్టాలు వచ్చాయి. దున్నేవాడికి హక్కు రావడం న్యాయమే. ఆ చట్టాల వెలుగులో చెరువుకు రాసిచ్చిన మడిచెక్క ఏమైందని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. బాధ్యత ఇంజనీర్ల కార్యాలయానికి చేరింది. కార్యాలయానికి ఎలకబొరియ కనపడదు, గండి మాత్రమే కనపడుతుంది.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి రైతులతో నీటి సంఘాలు పెట్టించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులు బాగుచెయ్యాలని మొదలుపెట్టింది. అదే ఏడు ఆంధ్రలో నీరు-చెట్టు పథకం వచ్చింది. తెలంగాణలో పూడికమట్టిని రైతులే తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. మంచి పనులే, కాదనను. కాని పూడిక తీసిన మర్నాటి వానకే కొత్త పూడిక మొదలవుతుంది. దాన్ని ఏటా చూసే మనిషికి ఏటా అన్నం పెట్టే పద్దు ఏది?

ఈ ప్రశ్న పల్లెటూరి చెరువుకే కాదు, పట్నం పార్కుకీ వర్తిస్తుంది. మా కాలనీ పార్కుకు ఒకసారి నిధులొచ్చాయి. గోడ, ఇనపగేటు, సిమెంటు బల్లలు, ఉయ్యాల, చిన్న ఫౌంటెన్, అందరి పేర్లతో పాలరాతి పలక. రిబ్బను కత్తిరించారు, కాజాలు పంచారు. మూడు వేసవులయ్యేసరికి ఫౌంటెనులో దోమలు, మొక్కల చోట ఎండుపుల్లలు, పలక ఒక్కటే తళతళలాడుతూ మిగిలింది. తోటమాలి జీతం ఏ పద్దులోనూ లేదు మరి! చివరికి మహిళామండలిలో ఓ పెద్దావిడ పట్టుబట్టి, కాలనీ హాలు పెళ్లిళ్లకి అద్దెకిచ్చినప్పుడల్లా వచ్చిన సొమ్ములో పదోవంతు ముందుగా తీసి పార్కు డబ్బాలో వెయ్యాలని తీర్మానం చేయించింది. ఆవిడకి దశబంధం అన్న మాటే తెలియదు. ఇల్లు నడిపిన మనిషి గనక లెక్క తెలిసింది, అంతే. ఇప్పుడు పార్కు నందనవనమైందని చెప్పను. తోటమాలి మాత్రం రోజూ వస్తున్నాడు, పారిజాతం పూస్తోంది.

మీ వీధి పార్కుకో, మీ పుట్టింటివూరి చెరువుకో నిధులొచ్చాయని ఈసారి ఎవరైనా చెప్తే తప్పకుండా సంతోషించండి, మీటింగుకు వెళ్లండి, కాజా కూడా తినండి. ఆ తర్వాత, "వచ్చే ఏడు దీన్ని చూసుకునే మనిషికి జీతం ఎక్కడినించి ఇస్తారండీ?" అని ఒక్క మాట అడగండి. కాసేపు ఎవరూ పలకరు. పరవాలేదు, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.