సెల్లారు గుంతకు తాత్కాలిక గోడే ప్రాణాధారం

గుంటూరు లక్ష్మీపురంలో 2016 మే నెలలో భవన నిర్మాణానికి తవ్విన గుంతలో మట్టిపెళ్లలు విరిగిపడి ఏడుగురు కూలీలు మృతిచెందారు. శాశ్వత గోడ లేచేదాకా గుంత అంచులను నిలిపే తాత్కాలిక ఊతం, అనగా షోరింగ్, ఎందుకు అవసరమో ఆ దుర్ఘటన చాటింది.

నల్లరేగడి నేల స్వభావం మోసపూరితమైనది. పొడిగా ఉన్నప్పుడు నిటారుగా కోసినా కొద్ది రోజులు చెక్కుచెదరదు. ఊతానికి ఖర్చెందుకన్న ధీమా అక్కడే పుడుతుంది. ఎండకు విచ్చిన బీటల్లోకి ఒక్క వాన నీరు చేరితే మట్టి బిగువు సడలుతుంది; బీటలో నిలిచిన నీరు వెనుక నుంచి నెడుతుంది. ఘనమీటరు తడిమట్టి బరువు ఇంచుమించు 1,800 కిలోలు. ఛాతీ వరకు కూరుకుపోయినా ఊపిరాడదు.

స్థలముంటే అంచులను ఏటవాలుగా కోయడమే చౌక. పట్టణాల్లో ఆ వెసులుబాటు ఎక్కడిది? తవ్వకానికి ముందే హద్దు వెంబడి ఇనుప దిమ్మెలు దింపి, లోతుకు పోయేకొద్దీ వాటి నడుమ చెక్కపలకలు అమర్చడం ఒక పద్ధతి. అయితే కృష్ణా డెల్టాలో వలె నీరు పైపైనే ఉండే ఇసుక పొరల్లో ఇది చాలదు. పలకల సందుల నుంచి నీటితోపాటు ఇసుకా జారిపోయి, గోడ వెనుక నేల గుల్లవుతుంది. అటువంటి చోట ఒకదానికొకటి బిగిసే షీట్ పైల్స్ గానీ, వరుసగా పోసిన కాంక్రీటు పైల్స్ గానీ వాడతారు. వీటి మొనలు గుంత అడుగుకంటే చాలినంత దిగువకు పోవాలి. లేనిచో అడుగునుంచే ఇసుక ఉబికివస్తుంది. షీట్ పైల్స్ దింపేటప్పటి అదురుకు పాత ఇళ్ల గోడలు నెర్రెలిచ్చే ప్రమాదమూ లేకపోలేదు.

మోటార్లతో నీరు తోడటంలోనూ జాగ్రత్త వహించాలి. భూగర్భజలం తగ్గితే పొరుగింటి పునాది కింద నేల కుంగుతుంది.

1.5 మీటర్లు, అంతకుమించి లోతైన కందకాల అంచులను ఏటవాలుగా కోయాలని, లేదా ఊతంతో నిలపాలని కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమాలు చెబుతున్నాయి. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. ఆచరణలో తరచు ఉల్లంఘనకు గురయ్యేది ఈ నియమమే.

అంచుకు సమాంతరంగా నేలపై కొత్త బీట కనిపిస్తే కూలీలను తక్షణం పైకి రప్పించాలి. సెల్లారు గోడ, పైశ్లాబు తగినంత గట్టిపడి మట్టి ఒత్తిడిని భరించగలవని ఇంజినీరు నిర్ధారించే వరకు అడ్డదూలాలను తొలగించరాదు.