అల్లాఖీ లోయ బంగారం

ఈజిప్టులోని అస్వాన్‌కు ఆగ్నేయ దిశలో, నైలు నదికీ ఎర్రసముద్రానికీ మధ్యనున్న ఎడారిలో అల్లాఖీ అనే లోయ ఉంది. ఫిరౌనుల కాలం నుండే అక్కడ బంగారం తీసేవారు. హిజ్రీ మూడవ శతాబ్దంలో, అనగా క్రీ.శ. 9వ శతాబ్దంలో, జనం ఆ లోయకు వెల్లువలా తరలివెళ్ళారు. భూగోళ శాస్త్రవేత్త యాఖూబీ దానిని ఒక మహానగరంతో పోల్చాడు. అరబ్బులు, అరబ్బేతరులు, అందరూ బంగారం వెదకవచ్చినవారేనని వ్రాశాడు. అస్వాన్ నుండి వారికి ఆహార పదార్థాలు మోసిన పశువులు 60,000 అని మఖ్రీజీ పేర్కొన్నాడు.

బంగారం తీసే పద్ధతిని 12వ శతాబ్దంలో ఇద్రీసీ వర్ణించాడు. నెల మొదటి, చివరి రాత్రులలో వెన్నెల ఉండదు. అప్పుడు ఇసుకలో మెరుపు కనిపించిన చోట గుర్తు పెట్టుకునేవారు. తెల్లవారాక ఆ ఇసుకను ఒంటెలపై బావుల వద్దకు చేర్చి, కొయ్య తొట్లలో కడిగి, పాదరసం కలిపి కరిగించేవారు. గనులు త్రవ్వింది మాత్రం నల్లజాతి బానిసలని యాఖూబీయే చెబుతున్నాడు.

ఆ నేల బెజా అనే సంచార జాతిది. క్రీ.శ. 831లో, ఖలీఫా మామూన్ కాలంలో, వారి నాయకుడు కానూన్‌తో సంధి జరిగింది. బెజాలు ఏటా 100 ఒంటెలు గాని, 300 దీనార్లు గాని చెల్లించాలి. కొన్నేళ్ళకు వారు ఎదురుతిరిగారు. గనులలోని ముస్లిములను చంపి, స్త్రీలను, పిల్లలను బందీలుగా పట్టుకున్నారు. గనులు తమ దేశంలో ఉన్నాయి గనుక తమవేనని వారి వాదమని తబరీ నమోదు చేశాడు.

ఖలీఫా ముతవక్కిల్ హిజ్రీ 241లో (క్రీ.శ. 855) ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్లా అల్‌ఖుమ్మీని సైన్యంతో పంపాడు. గుర్రాల మెడలకు కట్టిన గంటల మ్రోతకు బెజాల ఒంటెలు బెదిరి పారిపోయాయి. వారి రాజు అలీ బాబా (కథలలోని అలీ బాబా కాడు) లొంగిపోయాడు. ఖలీఫా అతనిని క్షమించి, విలువైన వస్త్రాలతో గౌరవించి పంపాడు. గనులలో పని మాత్రం మళ్ళీ సాగింది.

భూగర్భ నిధిలో (రికాజ్) ఐదవ వంతు చెల్లించాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. గని కూడా రికాజేనని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. గని బంగారంపై నలభయ్యవ వంతు జకాత్ విధి అని ఇమామ్ షాఫయీ మతం. బంగారంలో పేదల హక్కు ఎంతో ధర్మశాస్త్రం ఇంత నిశితంగా విచారించింది. అల్లాఖీలో నేల పోగొట్టుకున్నవారి గోడును, గనిలో చెమటోడ్చినవారి గోడును విచారించినవారు అరుదు.

మమ్లూకుల కాలానికి రాబడి ఖర్చులకే చాలని స్థితి వచ్చి, గనులు పాడుపడ్డాయి. మనకు మిగిలింది చరిత్రకారుల సాక్ష్యమే. పరాజితుల వాదనను సైతం దాచకుండా వ్రాసిన తబరీ నిజాయితీ, ఆ లోయలో దొరికిన బంగారం కంటె విలువైనది.