సూర్యుణ్ణి చూసిన ఇల్లు

1979 జూలై. తుంగభద్ర ఎడమ కాలవ కింద నారుమళ్లు పోసుకునే రోజులు. రాయచూరు జిల్లా సింధనూరు చుట్టూ ఉన్న క్యాంపుల్లో, అంటే గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వలస వచ్చి నల్లరేగడిని మాగాణి చేసుకున్న మన తెలుగువాళ్ల ఊళ్లలో, ఆ నెల ఎవరి నోట విన్నా ఒకటే మాట: ఆకాశం నుంచి స్కైలాబ్ పడుతోందట. మా నాయనమ్మ ఆ సంగతి ఎప్పుడు ఎత్తినా ముందు కోడిపుంజుతోనే మొదలుపెట్టేది. సంక్రాంతి దాకా ఉంచుదామని పెంచిన పుంజును ఆ వారమే కోసేశారట. రేపు ఉంటామో లేమో, పిల్లలు నాలుగు ముక్కలు తిననీ అని. ఎండాకాలం నుంచీ ఆరుబయట వేసుకుంటున్న నులక మంచాలు అది పడుతుందన్న రాత్రి లోపలికి చేరాయట. రేకుల కప్పు స్కైలాబ్‌ను ఆపుతుందా అని అప్పుడు ఎవరికీ తట్టలేదు పాపం.

తెలుగు నేల అంతటా ఇదే వరస. మేకలు, కోళ్లు కోసుకుని తిన్నవాళ్లు, దాచుకున్న నాలుగు రూపాయలూ ఖర్చు పెట్టేసినవాళ్లు, గుళ్లలో పూజలు చేయించినవాళ్లు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2021లో ఆ భయం మీద తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది.

భయపడిన కథ అందరూ చెబుతారు, చెప్పి నవ్వుకుంటారు. పడిపోయినదాని కోసం మాత్రం ఎవరూ ఒక్క నిట్టూర్పు విడవలేదు. అది రాయి కాదు, బాంబు కాదు. అంతరిక్షంలో తిరిగే ఒక ఇల్లు. మూడు విడతల్లో తొమ్మిది మంది మనుషులు కాపురం ఉన్న ఇల్లు. సూర్యుణ్ణి దగ్గరగా చూడాలని మనుషులు కట్టుకున్న ఇల్లు. దాన్ని కూల్చింది ఆ సూర్యుడే. ఈ నాలుగు మాటలూ ఆ ఇంటి కోసమే రాస్తున్నాను.

అది పుట్టుకతోనే గాయపడింది. 1973 మే 14న అమెరికా దాన్ని సాటర్న్-5 రాకెట్ మీద పంపింది. చంద్రుడి మీదికి మనుషుల్ని మోసిన రాకెట్ అది, ఆ రోజు దాని ఆఖరి ప్రయాణం. లేచిన నిమిషానికే స్కైలాబ్‌కు చుట్టిన రక్షణ కవచం గాలి దెబ్బకు చిరిగి ఊడిపోయింది. పోతూ పోతూ కరెంటు తయారుచేసే రెండు పెద్ద రెక్కల్లో ఒకదాన్ని లాక్కుపోయింది. రెండోది రేకు ముక్క అడ్డుపడి విచ్చుకోలేదు. కక్ష్యలోకి చేరేసరికి కరెంటు చాలదు, నీడ లేదు, లోపల మన మే నెల ఎండను మించిన వేడి. పదకొండు రోజులకు పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్, పాల్ వైట్జ్ అనే ముగ్గురు వెళ్లి చిన్న ద్వారంలోంచి గొడుగు లాంటి పందిరిని బయటికి తోసి విప్పారు. ఇల్లు చల్లబడింది. జూన్ 7న కాన్రాడ్, కెర్విన్ బయటికి వెళ్లి అడ్డుపడిన రేకును కత్తిరించి, ఇరుక్కుపోయిన రెక్కను విప్పారు. చంటిబిడ్డకు ఊపిరి పోసినట్టు దాన్ని బతికించుకున్నారు.

ఆ ముగ్గురూ 28 రోజులు ఉన్నారు. తరవాతి ముగ్గురు 59 రోజులు, ఆఖరి ముగ్గురు 84 రోజులు. అన్నం తినడానికి బల్ల, పక్కన భూమి కనిపించే కిటికీ, స్నానానికి గుండ్రటి తెర, పడకలకు చిన్న చిన్న గదులు. రాకెట్ ట్యాంకును ఇల్లుగా మార్చారు. అయినా అక్కడ అన్నిటికంటే విలువైనది ఇంటి నెత్తిన పెట్టిన సూర్య దూరదర్శిని. గాలి తెర అడ్డం లేకుండా సూర్యుణ్ణి చూసే ఎనిమిది పరికరాలు అందులో ఉండేవి. ఫిల్ము డబ్బాలు నిండితే మనిషే బయటికి వెళ్లి, శూన్యంలో వేలాడుతూ వాటిని విప్పి తెచ్చుకోవాలి. అలా తెచ్చిన బొమ్మలు లక్షకు పైనే. సూర్యుడి చుట్టూ ఉండే కరోనాలో నల్లటి ఖాళీలు ఉంటాయనీ, వేగమైన సౌరపవనం అక్కడి నుంచే వీస్తుందనీ ఆ బొమ్మల వల్లే గట్టిగా తెలిసింది. ఒక్కోసారి సూర్యుడు వంద కోట్ల టన్నుల వేడి పదార్థాన్ని ఒక్క విదిలింపుతో విసిరేయడం కూడా స్కైలాబ్ పదే పదే చూసింది. ఈనాడు మనం సౌర తుఫాను అంటున్నది అదే. 1974 జనవరి 21న ఎడ్వర్డ్ గిబ్సన్ అనే శాస్త్రవేత్త ఒక సౌరజ్వాలను పుట్టిన క్షణం నుంచీ ఫిల్ము మీదికి ఎక్కించాడు. నిప్పు రాజుకునే చోటు మీదనే రోజుల తరబడి కన్ను వేసి కూర్చుంటే దక్కిన బొమ్మ అది.

1974 ఫిబ్రవరి 8న ఆఖరి ముగ్గురు వచ్చేశారు. వచ్చే ముందు ఇంటిని కాస్త పైకి నెట్టారు. తరవాత వచ్చేవాళ్ల కోసం ఒక సంచిలో కొన్ని వస్తువులు పెట్టారు. తలుపుకు గడియ వేయకుండా వదిలేశారు. ఊరెళ్లేటప్పుడు పొరుగింటి వాళ్లకు తాళం ఇచ్చి వెళతామే, అక్కడ పొరుగు లేదు కాబట్టి అసలు తాళమే వేయలేదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఆ తలుపు తోసుకుని మళ్లీ ఎవరూ లోపలికి వెళ్లలేదు.

లెక్క ప్రకారం 1980లు వచ్చాక కూడా కొన్నాళ్లు అది పైనే ఉండాలి. ఈలోగా స్పేస్ షటిల్ సిద్ధమవుతుంది, ఒక షటిల్ వెళ్లి దాన్ని పై కక్ష్యలోకి తోస్తుంది. అదీ అనుకున్నది. 1978 మార్చిలో, నాలుగేళ్ల మౌనం తరవాత, బెర్ముడా దీవిలోని కేంద్రం నుంచి రేడియోలో దాన్ని పిలిచారు. అది పలికింది. బ్యాటరీలు అడుగంటాయి, దిక్కు తప్పి తిరుగుతోంది, అయినా రెక్క మీద ఎండ పడ్డ కాసేపు పలికింది.

అప్పటికే సూర్యుడు మేలుకున్నాడు. సుమారు పదకొండేళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరుగుతాయి, జ్వాలలు పెరుగుతాయి, తుఫానులు పెరుగుతాయి. ఆ విడత అనుకున్నదాని కంటే ఉధృతంగా వచ్చింది. పొయ్యి మీద మంట పెంచితే పాలు పొంగినట్టు, సూర్యుడి వేడికి మన వాతావరణం పై పొర పొంగి పైకి లేస్తుంది. ఆ ఇల్లు తిరిగే 430 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉందా లేదా అన్నంత పలచన. పొంగినప్పుడు అదే కొంచెం చిక్కనవుతుంది. రోజుకు పదిహేను సార్లకు పైగా భూమిని చుట్టే ఇంటికి ఆ కొంచెమే చాలు. చుట్టు చుట్టుకూ వేగం తగ్గింది, ఎత్తు తగ్గింది, తగ్గినకొద్దీ గాలి ఇంకా చిక్కనయింది. కింద ఉన్న ఇంజనీర్లు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, గాలికి తక్కువ తగిలేలా పడుకోబెట్టి, నెలల కొద్దీ కాపాడుకున్నారు. షటిల్ మాత్రం తయారు కాలేదు. 1978 డిసెంబరులో నాసా ఇక చేతులెత్తేసింది. షటిల్ మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్‌లో.

1979 జూలై 11, బుధవారం. మనకు రాత్రి పది దాటింది. భూమి చుట్టూ 34,981వ చుట్టు. జనం మీద పడకుండా ఉండేందుకు ఇంజనీర్లు ఆఖరి గంటల్లో దాన్ని పల్టీలు కొట్టేలా తిప్పి వదిలారు. హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియా మీదా కాలుతూ చీలుతూ పోయి ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల బీడు భూముల్లో పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. తమ ఊళ్లో చెత్త పోశారని అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. పరిహాసానికే రాసి ఉంటారు. కానీ సూర్యుడి రహస్యాలు చెప్పిన ఇంటికి దక్కిన వీడ్కోలు ఆ చెత్త రసీదు కావడం నాకు బాధగానే ఉంటుంది.

నిజానికి ఆకాశంలోని వస్తువులతో మా రాయచూరు జిల్లాకు చుట్టరికం అంతకు ముందే కలిసింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ వచ్చింది. ఆ ప్రయోగం జరిగిన జిల్లాల్లో రాయచూరు ఒకటి, అటువైపు కర్నూలు, మహబూబ్‌నగర్ ఉన్నాయి. కోళ్ల గూళ్లకు కొట్టే తీగ వలతో పది అడుగుల గొడుగు కట్టి ఆకాశానికి తిప్పితే, పల్లెటూరి బడి ముందు బొమ్మ మాట్లాడింది. ఆ బొమ్మను పంపిన ఏటీఎస్-6 ఉపగ్రహం మీద శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కూడా కొలిచారు. చలికాలంలో పాలిస్టర్ చొక్కా విప్పితే చిటచిటమంటుంది కదా. సూర్యుడి అలజడికి భూమి చుట్టూ ఎలక్ట్రాన్లు ఎగసినప్పుడు ఉపగ్రహం ఒంటి మీద అలాంటి విద్యుత్తే పేరుకుంటుంది, అదీ వేల వోల్టుల లెక్కన. ఎక్కడో ఒక చోట నిప్పురవ్వగా దూకిందంటే లోపలి పరికరం పోయినట్టే.

పోయాయి కూడా. 1994 జనవరి 20న కెనడా వాళ్ల అనిక్ ఉపగ్రహాలు రెండు ఒకే రోజు, గంటల తేడాలో అదుపు తప్పాయి. టీవీలు, ఫోన్లు ఆగాయి. ఒకటి కొన్ని గంటల్లో తేరుకుంది, రెండోదాన్ని దారికి తేవడానికి నెలలు పట్టింది. 2022 ఫిబ్రవరి 3న పైకి వెళ్లిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలకు పట్టింది స్కైలాబ్ రోగమే. అవి 210 కిలోమీటర్ల దగ్గర ఉండగా ఒక మామూలు సౌర తుఫాను తగిలింది, గాలి పొంగింది, 38 కాలిపోయాయి. 2024 మే 10న వచ్చినది మామూలుది కాదు. లదాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. అమెరికాలో మొక్కజొన్న విత్తే వేళ జీపీఎస్ చూసుకుని నడిచే ట్రాక్టర్లు సాలు తప్పితే రైతులు పొలంలోనే ఆపుకున్నారు. అదును పోతుంటే చేనులో ట్రాక్టరు నిలబడిపోవడం ఎంత కష్టమో సింధనూరు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా వాళ్లు పొద్దున లేచి కాలవ గట్టు మీద నిలబడి దండం పెట్టేది ఆ సూర్యుడికే. సోనామసూరి గింజ పాలుపోసుకునేది ఆయన ఎండకే. ఆయన మీద నాకు కోపం లేదు. ఇప్పుడు ఆయన్ను చూసే పని మన ఆదిత్య-ఎల్1కు దక్కింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటికి చేరింది. ఆ మే నెల తుఫానును అది చూసింది, కొలిచింది. అక్కడ గాలి లేదు, పొంగి కిందికి లాగేదేదీ లేదు.

ఎస్పరెన్స్ మ్యూజియంలో స్కైలాబ్ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాత్రి గుర్తున్నవాళ్లు మన క్యాంపుల్లో కూడా ఇంకా కొందరు ఉన్నారు, ఏటేటా తగ్గిపోతున్నారు. మా నాయనమ్మ లేదు. మీ ఇంట్లో ఉంటే ఈ వారమే దగ్గర కూర్చుని అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. ఆ పైన కాలింది మనుషులు తలుపుకు గడియ వేయకుండా వదిలి వచ్చిన ఇల్లని వాళ్లకు చెప్పండి.