తొలకరికి ముందే మిద్దె, పెరడు సరిచూసుకోవాలి

ఆదోని, ఎమ్మిగనూరు: తుపాను అనగానే అది కోస్తా జిల్లాల కష్టమన్న భావన పడమటి కర్నూలు ప్రాంతంలో బలంగా ఉంది. సముద్రం ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. వాన కోసం ఎదురుచూసే సీమలో వానకు భయపడడమేమిటని పెద్దలు సైతం తేలికగా తీసిపారేస్తుంటారు. అయితే 2009 అక్టోబరు 2న, హస్త కార్తెలో, తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. కర్నూలు నగరం నీట మునిగింది. నది పొంగని ఊళ్లలోనూ నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టి గోడలు కూలుతూనే ఉన్నాయి. ఈ ప్రాంతంలో గాలి కన్నా ఎక్కువగా భయపడవలసింది నానిన గోడకు, బరువెక్కిన పైకప్పుకు.

ముప్పు రెండు విడతలుగా వస్తుంది. మే నెలలో, కృత్తిక, రోహిణి కార్తెలలో, సాయంత్రం పూట ఈదురుగాలులు, పిడుగులతో కూడిన వాన మొదటిది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బంగాళాఖాతంలోని అల్పపీడనాలు, వాయుగుండాల వల్ల పట్టే ముసురు రెండవది. మొదటి దానికి రేకులు, చెట్లు, తీగలు చూసుకోవాలి. రెండవ దానికి మిద్దె, గోడలు చూసుకోవాలి. పనులన్నీ మృగశిర ప్రవేశానికి ముందే ముగించడం ఉత్తమం.

మిద్దెపై బరువు

దూలాలు, దంతెలు పరచి, పైన మట్టి దిమ్మిస చేసి, చౌడు చల్లిన మిద్దెలు పల్లెల్లో నేటికీ ఉన్నాయి. చౌడు మట్టి తడిసినప్పుడు ఉబ్బి సందులను మూసివేస్తుంది. అందుకే నీరు కిందికి దిగదు. మన పెద్దల తెలివికి ఇది నిదర్శనం. కానీ పాత పొరను తీయకుండా ఏటా కొత్త చౌడు పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. ముసురులో ఆ మందమంతా నీరు పీల్చి మరింత బరువెక్కుతుంది. దూలాలు మాత్రం తాతల కాలం నాటివే. కాబట్టి ముందుగా మిద్దెపై మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పెరికి, పాత పొరను చెక్కి, ఎలుక బొరియలను, పగుళ్లను పూడ్చిన తరువాతే పలుచగా కొత్త చౌడు వేయాలి. వాలు తూము వైపే ఉండాలి. తూములో చెత్త లేకుండా చూసి, గొట్టాన్ని గోడకు దూరంగా నీరు పడేటట్లు పొడిగించాలి.

దూలం చెడేది సాధారణంగా గోడలో దూరిన కొస వద్దనే. అక్కడ కర్రతో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చినా, చెద మట్టి రాలినా, కింద గుంజ నిలబెట్టి ఊతమివ్వాలి. అటువంటి గదిలో ముసురు రోజుల్లో నిద్రించరాదు. వాన వెలిసిందని వెంటనే లోపలికి చేరడమూ ప్రమాదమే. తడి ఆరేవరకు గోడకు బలం రాదు.

గోడ మొదట్లో నీరు

నల్లరేగడి నేల వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. తొలి వాన నీరు ఆ నెర్రెల గుండా నేరుగా పునాది కిందికి చేరుతుంది. గోడ చుట్టూ బారెడు వెడల్పున గరుసు పోసి, బయటికి వాలు ఉండేటట్లు దిమ్మిస చేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. పేడ దిబ్బ, పత్తి కట్టె మోపులు గోడకు ఆనించి ఉంచరాదు. అవి చెమ్మను పట్టి ఉంచుతాయి, చెదకు, పాములకు, తేళ్లకు ఆశ్రయమిస్తాయి. సిమెంటు రోడ్లు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి పాత ఇళ్లు పల్లమవుతున్నాయి. అటువంటివారు వాకిట అడ్డుకట్ట కట్టించుకుని, పెరటి నీరు కాలువకు చేరే దారిని ముందే తవ్వుకోవాలి.

ఎమ్మిగనూరు నేతన్నలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. గుంత మగ్గంలోకి నీరు పైనుంచే రానక్కరలేదు, గోడ అడుగు నుంచి ఊరుతుంది. గుంత ఎండేవరకు నేత లేదు, కూలి లేదు. గోడ వెలుపల చిన్న కాలువ తీయడం, గుంత అంచున గట్టు కట్టడం, నూలును, పడుగును నేలపై ఉంచక పట్టాలో చుట్టి ఎత్తున పెట్టడం మేలు.

రేకులు, చెట్లు, తీగలు

రేకులు లేవకుండా రాళ్లు పెట్టడం మన ఊళ్లలో అలవాటు. గాలికి రేకు కదిలితే ఆ రాయే తలపై పడుతుంది. కొక్కెం బోల్టులు బిగించడం, లేదా ఇసుక బస్తాలను తీగతో కట్టడం క్షేమకరం. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి కొట్టుకుపోతుంది గనుక నింపి ఉంచాలి. మునగ కొమ్మలు పెళుసు. వాటిని ముందే నరకాలి. కరెంటు తీగలకు తగిలే వేప కొమ్మల జోలికి స్వయంగా వెళ్లక 1912కు ఫోన్ చేసి సిబ్బందిని రప్పించాలి.

ఇనుప దండెం తీగ అన్నిటికన్నా ప్రమాదకరం. సర్వీసు తీగ తెగి రేకుకో దండేనికో తగిలితే తడి బట్టలు ఆరవేసే ఇల్లాలికి ప్రాణాపాయం. ఆ స్థానంలో నైలాన్ తాడు కట్టుకోవాలి, ఖర్చు స్వల్పం. పిడుగుల వేళ పశువులను చెట్టు కింద కట్టివేయరాదు.

కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లోని నదీతీర గ్రామాలవారు ఎగువ తుంగభద్ర డ్యాం నీటి విడుదల సమాచారంపైనా దృష్టి ఉంచాలి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ వాన మబ్బు ఇక్కడ లేదు, వరద హెచ్చరిక మాత్రం వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలను ప్లాస్టిక్ సంచిలో ఉంచి ఒకే చోట పెట్టుకోవాలి. ఇంటి ఫొటోలను ఇప్పుడే తీసి ఉంచితే, నష్టం జరిగినప్పుడు రెవెన్యూ సిబ్బందికి చూపడానికి ఉపకరిస్తాయి. అత్యవసర సహాయానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.