కత్తెరను ఆపితే క్యాన్సర్ ఆగుతుందా?

మనం తిన్న పప్పులోని మాంసకృత్తులను అరిగించేవి ఎంజైములని చిన్నప్పుడే చదువుకున్నాం. ఇలా ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములు ఒంట్లో ప్రతిచోటా ఉంటాయి. పుండు మానాలన్నా, రక్తపు గడ్డ కరగాలన్నా అవి కావాలి. క్యాన్సర్ కణాలు కూడా ఈ కత్తెరలతోనే చుట్టూ ఉన్న కంచెను తెంచుకుని పక్కకు పాకుతాయి. మరి కత్తెరను ఆపేస్తే చాలదా? ఈ దేశంలో వైద్యం చేస్తున్న నాకు, ఇక్కడ ఈ ప్రశ్నకు దొరికిన మూడు జవాబులను మన కుటుంబాలతో పంచుకోవాలనిపించింది.

మొదటిది మ్యూనిక్‌లో. చంకలోని గ్రంథులకు పాకని రొమ్ము క్యాన్సర్‌కు చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. అయితే కీమోథెరపీ ఎవరికి అవసరం? డాక్టర్లు ఫ్రిట్జ్ యానికె, మన్‌ఫ్రెడ్ ష్మిట్ బృందం కణితిలో యూరోకైనేజ్ అనే కత్తెరనూ, దాన్ని అడ్డుకునే పీఏఐ-1నూ కొలిచింది. 1993లో మొదలైన పరీక్షల తొలి ఫలితాలు 2001లో వెలువడ్డాయి. రెండూ తక్కువగా ఉన్నవారికి కీమో ఇవ్వలేదు. అయినా మూడేళ్లలో వారిలో 6.7 శాతం మందికే జబ్బు తిరగబెట్టింది. ఎక్కువగా ఉన్నవారిలో అది 14.7 శాతం. విచిత్రమేమిటంటే, కత్తెరను ఆపవలసిన పీఏఐ-1 ఎక్కువగా ఉండటం కూడా చెడు సూచనే! ఈ పరీక్షకు తాజా కణజాలం కావాలి కాబట్టి, ఇప్పుడు జన్యు పరీక్షల వాడకమే ఎక్కువ.

రెండవది చేదు జవాబు. లెవర్‌కూసెన్ కేంద్రంగా ఉన్న బేయర్ కంపెనీ, కణాల కంచెను తెంచే ఎంజైములను అడ్డుకునే టానోమాస్టాట్ మాత్రను పరీక్షించింది. ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ మందు వేసుకున్నవారి పరిస్థితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే అధ్వాన్నంగా ఉందని తేలడంతో 1999లో పరీక్షలు ఆపేశారు. ఆ ఎంజైముల కుటుంబంలో కణితిని అదుపులో ఉంచేవి కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది.

మూడవది మ్యూనిక్ పక్కనే ఉన్న మార్టిన్స్‌రీడ్‌లో. అక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో రాబర్ట్ హూబర్, వోల్ఫ్‌గాంగ్ బౌమైస్టర్ బృందాలు, కణం లోపల పాత ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ నిర్మాణాన్ని 1995లో సూక్ష్మజీవిలోనూ, 1997లో ఈస్ట్‌లోనూ చూపించాయి. దాన్ని అడ్డుకునే బోర్టెజోమిబ్‌కు 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎముక మూలుగలో పుట్టే మైలోమా కణాలు ప్రోటీన్లను విపరీతంగా తయారు చేస్తాయి. చెత్త ఎత్తేవాడు రాకపోతే ఆ కణాలే ముందుగా చస్తాయి. ఇప్పుడీ మందును మన హైదరాబాదు కంపెనీలూ తయారు చేస్తున్నాయి.

ఏ కత్తెర, ఏ కణంలో, ఏ దశలో అన్నది తెలిస్తేనే మందు మందవుతుంది. మన ఇళ్లలో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, "కొత్త మందు ఉందా?" అని అడిగే ముందు, "ఈ కణితి స్వభావం ఏమిటి, ఏ పరీక్షలు చేశారు?" అని డాక్టరును అడగండి. కీమో ఎవరికి అక్కర్లేదో తెలుసుకోవడం కూడా వైద్యమే.