తెలుగు సినిమా పైరసీ ప్రింట్ల నాణ్యత: క్యాసెట్ నుంచి హెచ్‌డీ దాకా

అనుమతి లేకుండా నకలు తీసి పంచే తెలుగు సినిమా ప్రతుల్లో బొమ్మ, ధ్వని ఎంత స్పష్టంగా ఉంటాయన్నది ఈ వ్యాస విషయం. వీడియో క్యాసెట్లతో మొదలైన ఈ నకళ్ల వ్యాపారం వీసీడీ, డీవీడీల మీదుగా ఇంటర్నెట్‌లోని హై డెఫినిషన్ ఫైళ్ల దాకా వచ్చింది. కెమెరాలు, కంప్యూటర్లు మెరుగుపడ్డాయి కాబట్టే దొంగ ప్రింట్లూ మెరుగుపడ్డాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ప్రింటు బాగోగులను ప్రధానంగా తేల్చింది సినిమా ఏ దశలో, ఎవరి చేతి నుంచి జారిందన్నదే. థియేటర్‌లో తెర ముందు దొంగిలిస్తే మసక బొమ్మ దొరుకుతుంది. అదే నిర్మాణంలోనో పంపిణీలోనో దొంగిలిస్తే అసలుకు దీటైన బొమ్మ దొరుకుతుంది.

క్యాసెట్లు, వీసీడీలు

1976లో జపాన్‌లో విడుదలైన వీహెచ్‌ఎస్ క్యాసెట్ పట్టగలిగిన స్పష్టత సుమారు 240 గీతలు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు నకలు తీసిన కొద్దీ రంగులు పాలిపోయి, ధ్వనిలో బుసబుస పెరిగేది. అయినా వీటికి గిరాకీ ఉండేది, ఎందుకంటే ఫిల్ము రీళ్ల కాలంలో ప్రింట్లు పరిమితం. సీడెడ్‌గా పిలిచే రాయలసీమ పంపిణీ ప్రాంతంలో కర్నూలు లాంటి పెద్ద కేంద్రాలు, తర్వాత ఆదోని, ఎమ్మిగనూరు లాంటి పట్టణాలు, ఆ తర్వాతే కర్నూలు జిల్లాలోని గూడూరు లాంటి చిన్న ఊళ్లు అన్నట్టుగా సాగేది వరస. ఆ ఎదురుచూపు తప్పితే చాలనుకున్న ప్రేక్షకుడు మసక బొమ్మతో సర్దుకున్నాడు. 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియో పైరసీని అందులోకి తేవడం ఈ కాలపు ముఖ్య పరిణామం.

పరికరాలు మెరుగైతే ప్రింటూ మెరుగవుతుందన్న నమ్మకానికి 1993లో వచ్చిన వీసీడీ మొదటి పరీక్ష. దాని బొమ్మ 352 నిలువు వరసలు, 288 అడ్డ వరసల చుక్కలది. ఒక డిస్కులో గంటా పావు వరకే పట్టేది కాబట్టి రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు డిస్కులు కావాల్సి వచ్చేది. డిజిటల్ నకలు కావడంతో వందో కాపీ కూడా మొదటి కాపీలాగే ఉండేది. అంటే నకలు తీసే పనిముట్టు అప్పటికే నిర్దోషంగా మారింది. అయినా ప్రింటు బాగుపడలేదు, కారణం మూలం ఇంకా థియేటర్ తెరే కావడం. పక్క సీటులోంచి తీసిన కెమెరా ప్రింట్‌లో తెర ఒక వైపుకు వాలి ఉండేది, మధ్యలో లేచి వెళ్లే వాళ్ల తలలు నల్లగా అడ్డొచ్చేవి, హీరో ప్రవేశం దగ్గర ఈలల హోరులో డైలాగు వినపడేది కాదు. డిజిటల్ పరిజ్ఞానం ఆ లోపాలన్నిటినీ పొల్లుపోకుండా భద్రపరిచింది, అంతే. డీవీడీని నకలు తీయకుండా ఆపే తాళాన్ని 1999లో ఛేదించాక, విదేశాల్లోని తెలుగువారి కోసం వెలువడిన అసలు డీవీడీలే మూలమయ్యాయి. ప్రింట్లు ఒక్కసారిగా బాగుపడింది అప్పుడే.

హెచ్‌డీ ముద్ర, అసలు లెక్క

అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే ఫైలు పేరులో 1080పీ అని రాస్తారు. ఇది ఆకారానికి కొలతే తప్ప నాణ్యతకు కాదు. రెండున్నర గంటల సినిమాను 1.4 జీబీల్లో కుదిస్తే సెకనుకు సుమారు 1.2 మెగాబిట్ల సమాచారమే మిగులుతుంది. పాత వీసీడీకీ దాదాపు అంతే ఉండేది, కానీ 1080పీ బొమ్మలో చుక్కలు దానికంటే 20 రెట్లు ఎక్కువ. అదే సినిమా 25 జీబీల బ్లూరే డిస్కు నిండా ఉంటే సెకనుకు 22 మెగాబిట్ల దాకా దక్కుతాయి, డిజిటల్ థియేటర్ ప్రమాణం 250 మెగాబిట్ల వరకు అనుమతిస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 కుదింపు పద్ధతులు ఈ లోటును చాలావరకు పూడ్చాయన్నది నిజమే. పూర్తిగా పూడ్చలేదని చీకటి సన్నివేశాలే చెబుతాయి: రాత్రి ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది, వానా పొగా ఉన్న చోట బొమ్మ గళ్లుగా చెదురుతుంది. థియేటర్‌లో తీసిన ప్రింటును సాగదీసి 1080పీ అని పేరు పెట్టినవీ ఉంటాయి.

జారిన చోట్లు

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు 90 నిమిషాల భాగం బయటికి వచ్చి, కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా అమ్ముడైంది. అది కెమెరా ప్రింట్ కాదు, నిర్మాణ దశలోంచి వెళ్లిన నకలు. నిర్మాతలు అక్టోబరులో అనుకున్న విడుదలను సెప్టెంబరు 27కు జరిపారు. 2017లో ‘బాహుబలి 2’ నకలు చేతబట్టుకుని నిర్మాతలను డబ్బు అడిగిన ముఠాను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు, ఆ నకలు మూలం బిహార్‌లోని బెగుసరాయ్ థియేటర్ అని తేలింది. 2025 సెప్టెంబరులో పట్టుబడిన మరో ముఠా, థియేటర్లకు సినిమాలు అందించే డిజిటల్ సంస్థల సర్వర్లలోకి చొరబడిందని పోలీసులు ప్రకటించారు. ఓటీటీలో వచ్చిన సినిమాల హెచ్‌డీ నకళ్లతో పేరుమోసిన ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడు అదే ఏడాది నవంబరులో అరెస్టయ్యాడు. నిర్మాణ దశ, థియేటర్, సర్వర్, ఓటీటీ: నాలుగు చోట్లా దొంగకు గొప్ప కెమెరా అవసరం పడలేదు.

అభ్యంతరాలు

నేటి ఫోన్లు 4కే వీడియో తీస్తున్నాయి కదా, థియేటర్ ప్రింటూ బాగుపడి ఉండాలి కదా అన్నది మొదటి అభ్యంతరం. ఫోను ఎంత మంచిదైనా అది తీసేది తెర మీద పడిన వెలుగునే. చొక్కా జేబులోంచి చూసే కోణం, హాలు ప్రతిధ్వని, వెలుగునీడల తేడా తగ్గిపోవడం పరికరంతో తీరేవి కావు. ఇక, స్వచ్ఛమైన నకలు దొరికితే థియేటర్‌కు ఎవరూ రారన్నది రెండోది. పైరసీ వల్ల నష్టం లేదని ఎవరూ అనలేరు. కానీ ముందే జారిపోయిన ‘అత్తారింటికి దారేది’ భారీ విజయం సాధించింది కాబట్టి, మంచి నకలు ఉండటమే వసూళ్లను ముంచేస్తుందన్న వాదన నిలవదు. ఎంత నాణ్యంగా ఉందన్నదానితో పాటు, చట్టబద్ధంగా ఎప్పుడు, ఎంత ధరకు దొరుకుతోందన్నదీ లెక్కలోకి వస్తుంది.

చట్టం

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం అనుమతి లేని రికార్డింగ్‌కు, ప్రసారానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా విధిస్తుంది. హాలులో ఫోను ఎత్తినవాడిని పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. అయితే హెచ్‌డీ ప్రింట్లు పుడుతున్నది హాలులో కాదు. అవి జారిన చోటును పట్టివ్వగలిగేది ప్రతిలో దాచిన గుర్తు: ‘బాహుబలి 2’ నకలు ఏ థియేటర్‌దో చెప్పింది అందులో దాచిన వాటర్‌మార్కే. ఎడిటింగ్ గది నుంచి ఓటీటీ దాకా ప్రతి ప్రతికీ అలాంటి గుర్తు ఉండటం, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు కావడం జరిగితేనే పైరసీ ప్రింటు మళ్లీ మసకబారుతుంది.